కాగితం మీద ఆమె... సీటు మీద ఆయన!

కోత మిషను వచ్చాక ఆడవాళ్లు సుఖపడ్డారని మగవాళ్లంటారు. మా పని పోయిందని ఆడవాళ్లంటారు. ఇద్దరి మాటా నిజమే. అయితే ఈ రెండు మాటల మధ్య ఎవరూ అడగని మాట ఇంకొకటుంది. ఆ మిషను ఎవరిది? దాని మీద కూర్చుని తోలేదెవరు? మా వైపు పొలాల్లో తిరుగుతున్న చైన్ మిషన్లను చూసినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే బుర్ర తొలుస్తూ ఉంటుంది.

మాది పినపాక మండలం. ఒకప్పుడు ఖమ్మం జిల్లా. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒకపక్క గోదావరి, ఇంకోపక్క అడవి, కూతవేటు దూరంలో మణుగూరు బొగ్గు గనులు. ఏటి ఒడ్డు వెంట వరి, మిరప, పైకి పోతే పత్తి, ఇంకా పైకి పోతే పోడు. గోదావరికి కోపమొస్తే మా పొలాలన్నీ ఏరే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు పోయింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు. వరద తీసిన తర్వాత ఒండ్రు మేట వేసిన మడి ఎలా ఉంటుందో, దిగి చూసినవాళ్లకే తెలుసు. మోకాలి దాకా పోతుంది. అలాంటి నేల మీదికి కోతల కాలంలో పెద్ద టైర్ల మిషను దిగితే ఇక దాన్ని లాగడానికి ఇంకో రెండు ట్రాక్టర్లు కావాలి. అందుకని ఇక్కడ చైన్ మిషనుకు అంత గిరాకీ.

పట్నంలో ఉన్న అక్కచెల్లెళ్లకు చైన్ మిషను అంటే ఏమిటో చెప్పాలి కదా! టైర్లకు బదులు రెండు పక్కలా వెడల్పాటి రబ్బరు పట్టాలుంటాయి. లోపల పళ్లచక్రాలు తిరుగుతుంటే, ఆ పట్టా తన దారి తానే పరుచుకుంటూ, వెనకనుంచి తానే చుట్టుకుంటూ పోతుంది. రబ్బరుదైనా మావాళ్లు చైను అనే అంటారు. మణుగూరు ఓపెన్‌కాస్టులో మట్టి తోసే డోజర్లకు ఉండే ఇనప చైన్లు చూసిన కళ్లు కదా, ఆ పేరే దీనికీ వచ్చింది. ముందు భాగం వరిని కోస్తుంది, కడుపులో నూర్పిడి చేస్తుంది, వడ్లు ఒకవైపు తొట్టిలోకి, గడ్డి వెనక్కి.

అది బురదలో ఎందుకు దిగబడదు? మెత్తటి పరుపు మీద కుర్చీ వేసి కూర్చోండి, కాళ్లు నాలుగూ లోపలికి పోతాయి. అదే పరుపు మీద పీట వేసి కూర్చోండి, ఏమీ కాదు. బరువు అదే, మోపే చోటు వెడల్పైంది, అంతే. మూడు టన్నుల పైన తూగే ఈ మిషను చదరపు అంగుళం నేల మీద మోపే భారం, బురదలో అడుగు తీసి అడుగు వేసే మనిషి ఒంటికాలి మీద మోపే భారంకంటే ఎక్కువేమీ కాదు. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క వేసి చూస్తే నిజం.

ఈ చైను పుట్టింది కూడా ఇలాంటి మెత్తటి నేలలోనే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో స్టాక్టన్ అని ఒక ఊరు. చుట్టూ నదుల డెల్టా. ఆవిరి ట్రాక్టర్లు అక్కడి మట్టిలో కూరుకుపోయేవి. చక్రాలు వెడల్పు చేసుకుంటూ పోయారు. ఒక మిషను వెడల్పయితే 46 అడుగులకు చేరింది! ఇక అది మలుపు తిరిగేదెట్లా? అప్పుడు బెంజమిన్ హోల్ట్ అనే ఆయన చక్రాలు పీకేసి చెక్క పట్టాల చైను బిగించి, 1904 నవంబరులో నడిపి చూశాడు. గొంగళిపురుగులా పాకుతోందని 'కాటర్‌పిల్లర్' అన్నారు. 1910లో ఆ పేరు రిజిస్టరైంది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో టాంకులకు ఊహ ఇచ్చినవాటిలో ఆ ట్రాక్టర్లూ ఉన్నాయి. పొలం కోసం పుట్టింది యుద్ధానికి పోయి, ఇన్నేళ్లకు మా వరిమళ్లలోకి వచ్చిందన్నమాట.

సరే, వచ్చింది. వచ్చి ఏం చేసింది?

వరికోత అంటే మా దగ్గర ముప్పాతిక భాగం ఆడవాళ్ల పని. కొడవళ్లు పట్టుకుని వరసగా దిగితే సాయంత్రానికి మడి ఖాళీ. పనలు ఆరబెట్టడం, కట్టలు కట్టడం, మోయడం, కుప్ప వేయడం, నూర్చడం, తూర్పారబట్టడం... ఒక్క ఎకరం వడ్లు ఇంటికి చేరేలోపు ఎన్ని చేతులు పడేవో! ఇప్పుడు ఎకరం గంటా గంటన్నరలో అయిపోతుంది. మడి గట్టు మీద నిలబడ్డ ట్రాక్టరు ట్రక్కులోకి వడ్లు ధారగా పడతాయి. చూడ్డానికి ముచ్చటే.

పోయిన పనిలో కూలి ఒక్కటే లేదు. 'పరిగె' అని ఒక మాట ఉండేది. కోత అయిన మడిలో రాలిన కంకులు ఏరుకోవడం. భూమిలేని ముసలమ్మలు, చిన్నపిల్లల తల్లులు ఒళ్లో గుడ్డ కట్టుకుని దిగేవాళ్లు. ఎవరూ కాదనేవాళ్లు కాదు. సంచెడు వడ్లు అయినా అది ఆమె సొంత గింజ. మొగుడి చేతికి పోదు, అప్పులవాడికి పోదు. మిషను కోసినా గింజ రాలుతుంది. కానీ రాలిన గింజను చైను బురదలోకి తొక్కేస్తుంది. ఏరడానికి కంకి ఉండదు. ఈ కాలం పిల్లలకు పరిగె అంటే ఏమిటో చెప్పినా అర్థం కాదేమో.

గడ్డి సంగతి చూడండి. చేత్తో కోస్తే పొడుగాటి గడ్డి, వాము పెట్టుకుంటే ఏడాదంతా పశువులకు మేత. మిషను కడుపులోంచి వచ్చేది నలిగి, ముక్కలై, బురద అంటి ఉంటుంది. కట్టలు కట్టే ఇంకో మిషను తెప్పించుకోగలిగినవాళ్లు తెప్పించుకుంటారు. లేనివాళ్లు నిప్పు పెడతారు. పాడిగేదె మేత ఇంట్లో ఎవరి బాధ్యత? ఇల్లాలిదే కదా! గడ్డి కొనుక్కురావాల్సిన రోజున ఆమె పాల డబ్బుల్లోంచే పోతుంది. కోత ఖర్చు తగ్గిందని లెక్కలు వేసేవాళ్ల పుస్తకంలో ఈ పద్దు ఎక్కదు.

ఇంత చెప్పానని నన్ను పాతరోజుల భక్తురాలిని అనుకోకండి. కథల్లో వరికోత పాటలు రాసేవాళ్లను (నేనూ కథలు రాస్తాను, కాబట్టి అనే హక్కుంది!) ఒక్కరోజు కొడవలి పట్టించాలి. వంగిన నడుము వంగినట్టే పొద్దంతా. చేతుల నిండా వరి ఆకుల కోతలు. మడిలో జలగ, గట్టు మీద పాము. నెలసరి రోజుల్లో ఆ బురదలో నిలబడ్డం ఎంత నరకమో పైకి చెప్పుకోలేని మాట. మా ఇంటికి అప్పుడప్పుడూ వచ్చే పెద్దమ్మ ఒకామె, నలభై ఏళ్లు కోతలకు పోయిన మనిషి, "మిషను మా కూలి తిన్నది గాని, నా నడుము నాకిడిసిపెట్టింది బిడ్డా" అంది. ఒక్కమాటలో రెండు పక్కలూ చెప్పేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలో వాన దంచికొట్టింది. సరిగ్గా కోతల కాలం. పడిపోయిన వరి నీళ్లలో మొలకెత్తకముందే తీయాలి. అలాంటప్పుడు ఊరందరికీ ఒకేసారి కూలీలు ఎక్కడ దొరుకుతారు? ఆ నాలుగైదు రోజుల్లో తడిమడిలో దిగగలిగే మిషను ఉన్నవాడిదే పంట. కాబట్టి మిషను వద్దు అనే మాట నేననను. అది పోదు, పోకూడదు కూడా. చిన్న రైతుల్లో ఆడవాళ్లూ ఉన్నారు. పంట దక్కడం వాళ్లకూ కావాలి.

మరి గొడవెక్కడ? డబ్బు ఏ దారిన పోతోందన్న దగ్గర.

లెక్క కోసం ఒక ఊరు అనుకుందాం. మూడొందల ఎకరాల వరి. ఎకరానికి గంటంబావు. గంటకు కిరాయి మూడు వేలు అనుకోండి. మొత్తం 11,25,000 రూపాయలు ఒక్క పంటకు. ఇదివరకు కోతకు పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఆ ఊరి ఆడవాళ్ల కొంగుముడిలోకి వచ్చేది. ఇప్పుడు మిషను యజమానికి, డ్రైవరుకు, డీజిలు బంకుకు, మధ్యలో బుకింగులు చూసే ఏజెంటుకు పోతోంది. మిషన్లు చాలావరకు బయటి నుంచే వస్తాయి. తమిళనాడు నుంచి, పంజాబు నుంచి లారీల మీద ఎక్కించుకుని వచ్చి, సీజను అయ్యేదాకా ఊరూరా తిరిగి, వెళ్లిపోతారు. వాళ్లను అనడానికి లేదు, ఇల్లూ వాకిలీ వదిలి పొట్టకోసం వచ్చినవాళ్లు. కానీ ఊరి కూలి ఊరు దాటిపోయిందన్నది నిజమే కదా.

పైగా చైన్ మిషను రోడ్డు మీద తనంతట తాను పోలేదు. కంకర మీద నడిస్తే పట్టా అరిగిపోతుంది. జత మార్చాలంటే లక్ష దాటుతుంది. కాబట్టి లారీ మీదే రావాలి. లారీ ఖర్చు గిట్టాలంటే ఒక్కచోట చాలా ఎకరాలుండాలి. అర ఎకరం, ఎకరం ఉన్న ఒంటరి ఆడమనిషి ఫోను చేస్తే ఎవరొస్తారు? పెద్దరైతు పొలమయ్యాక, దారిలో ఉంటే, దయ తలిస్తే! అడవి అంచున మొద్దుల మధ్య ఉన్న పోడు చెక్కలోకైతే ఏ మిషనూ రాదు. అక్కడ ఇంకా కొడవలే.

ఒక విచిత్రం గమనించారా? మిషను ఏ పనికి వస్తే ఆ పని మగవాళ్ల పనైపోతుంది. మిషను రాని పని ఆడవాళ్లకు మిగులుతుంది. మిరప ఏరడం చూడండి. మా గోదావరి ఒడ్డు మిరపతోటల్లో ఎండలు ముదిరేదాకా ఏరేది ఆడవాళ్లే. ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. ఘాటుకు చేతులు మండుతూ, రాత్రి పిల్లవాడిని ముట్టుకోవడానికి కూడా భయపడే పని. ఆ పనికి మంచి మిషను ఇంకా రాలేదు. వచ్చిన రోజున దాని సీటు మీద ఎవరుంటారో పందెం కాయొచ్చు.

ఇది ఒక్క మన దగ్గరే అనుకోకండి. ఇటలీలో కొండవాలుల మీద ద్రాక్షతోటలుంటాయి. సాళ్ల మధ్య మనిషి పట్టేంత సందు. వాలు మీద టైరు జారుతుంది కాబట్టి అక్కడ సన్నటి చైన్ ట్రాక్టర్లు వాడతారు. ఫియట్ కంపెనీ 1932లోనే ఆ దేశంలో చైన్ ట్రాక్టరు తయారీ మొదలుపెట్టింది. మన హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు ఎంత పేరు పడ్డాయి! ఇప్పుడు చాలావరకు ప్లాట్లయ్యాయి, అది వేరే కథ. ఆ పందిళ్ల కింద మెడ పైకెత్తి, చిన్న కత్తెరతో గుత్తుల్లో కాయలు పలచన చేసేది ఆడకూలీలు. మందు కొట్టే పంపూ, ట్రాక్టరూ మగకూలీలవి. రోజంతా మెడ ఎత్తుకుని నిలబడేదానికి 'తేలిక పని' అని పేరు, తక్కువ కూలి. సీటు మీద కూర్చునేదానికి 'నైపుణ్యం పని' అని పేరు, ఎక్కువ కూలి. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. పనిని వేరు చేసేస్తే ఇక సమానమన్న మాటే రాదు కదా, అదీ కిటుకు.

ఆడవాళ్లకు ఇంత పెద్ద మిషను నడపడం చేతకాదంటారు. 1933లోనే సోవియట్ యూనియన్‌లో పాషా ఆంజెలీనా అనే రైతుబిడ్డ అచ్చంగా ఆడవాళ్లతోనే ట్రాక్టరు దళం నడిపింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మగవాళ్లు యుద్ధానికి పోతే బ్రిటన్ పొలాల్లో ట్రాక్టర్లు నడిపింది ల్యాండ్ ఆర్మీ అమ్మాయిలు. అప్పటి ట్రాక్టర్లకు హ్యాండిలు తిప్పి స్టార్టు చేయాలి, చెయ్యి విరిగినంత పనయ్యేది. ఇప్పటి చైన్ మిషనుకు తాళంచెవి తిప్పితే చాలు, రెండు మూడు లివర్లు. చేతిబలం పెద్దగా అక్కర్లేదు. గట్టు ఎక్కించేటప్పుడు, మడి మూలలో తిప్పేటప్పుడు ఓపిక కావాలి. విసురుగా తిప్పితే పట్టా మట్టిని గోకేసి గుంత చేస్తుంది, గట్టు తెగుతుంది. నిదానంగా, అంచు చూసుకుంటూ తిప్పాలి. ఓపికలో మనల్ని ఎవరైనా వెనకేయగలరా చెప్పండి!

మా పక్కనున్న బొగ్గు గనుల సంగతి తీసుకుందాం. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి పోనివ్వలేదు. నేల పైన పనికి మాత్రం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా ఒప్పుకుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఈ నిబంధనలను సడలించింది. ఇక్కడ ఆలోచించండి. ఓపెన్‌కాస్ట్ అంటే నేల పైన పనే కదా? అంటే పగటి షిఫ్టులో డోజరు మీద ఆడమనిషి కూర్చోవడానికి ఆ చట్టం ఏనాడూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పింది అలవాటు. ఆ అలవాటే డోజరు మీంచి దిగి వరిమడిలోకి కూడా వచ్చింది.

ఇక అసలు సంగతికొస్తాను. 2014-15 నుంచి కేంద్రం వ్యవసాయ యంత్రాలకు ఒక పథకం నడుపుతోంది. చాలా యంత్రాలకు మామూలు రైతులకు 40 శాతం వరకు రాయితీ అయితే, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, చిన్న సన్నకారు రైతులకు 50 శాతం వరకు. మంచిదే. దీంతో ఏం జరుగుతోంది? దరఖాస్తు ఆమె పేరు మీద. ఫొటో ఆమెది. సంతకమో వేలిముద్రో ఆమెది. తాళంచెవి ఆయన జేబులో. ఆమెకు తన పేరు మీద ఉన్న యంత్రం రంగేమిటో కూడా సరిగ్గా తెలియని ఇళ్లు నాకు తెలుసు. కిస్తీ కట్టకపోతే మాత్రం బ్యాంకువాళ్లు ఆమె పేరు పెట్టే పిలుస్తారు!

పట్నంలో ఉన్న మీకు ఇదంతా ఎందుకంటారా? గ్యాస్ ఏజెన్సీ ఆమె పేరు మీద, కౌంటరులో ఆయన. ఇంటి లోను ఆమె పేరు మీద తీసుకుంటే వడ్డీ కాస్త తగ్గుతుందని ఆమె పేరు, ఇల్లు అమ్మే మాట వచ్చినప్పుడు ఆమెతో చెప్పడమే ఆఖరు. 1993లో పంచాయతీల్లో మనకు సీట్లు వచ్చాయి, దాంతోపాటు సర్పంచి భర్తలూ వచ్చారు. ఊరైనా పట్నమైనా కథ ఒక్కటే.

అయితే కాగితం మీద పేరు వట్టి దండగ అని మాత్రం అననండోయ్. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకు ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఉండాలి. మా వైపు ఆ కాగితం వల్లే, భర్త పోయిన తర్వాత మరుదులు గెంటేయలేకపోయిన ఆడవాళ్లున్నారు. కాగితం మొదటి మెట్టు. మెట్టు ఎక్కి అక్కడే కూర్చుంటేనే చిక్కు.

ఈమధ్య మా దగ్గర్లో ఒక ఊరి మహిళా సంఘాలవాళ్లు చైన్ మిషను కొందామని మాట్లాడుకున్నారు. నన్నూ కూర్చోమన్నారు, నాలుగు ముక్కలు చదువుకున్నదాన్నని. మిషను పాతిక లక్షలకు అటూ ఇటూ. సంఘాలకు ఇరవై లక్షల దాకా తాకట్టు లేకుండా అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది గానీ, ఒక్క సంఘంతో తేలే పని కాదిది. ఊళ్లోని సంఘాలన్నీ కలవాలి, రాయితీ ఎంతొస్తుందో కనుక్కోవాలి. ఈ మాటలు జరుగుతుండగా ఒకామె భర్త గుమ్మంలో నిలబడి, "మీరు కొనండి, నడిపే సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. చెడ్డవాడేం కాదు, సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. అక్కడున్న సగం మంది తలూపారు కూడా. నాకు మాత్రం గుండె గతుక్కుమంది. అప్పు ముప్పై మంది ఆడవాళ్లది, మిషను ఇద్దరు మగవాళ్లది అయ్యేది అక్కడే!

నా మాట ఏమిటంటే, ముందు మిషను కొనొద్దు. ముందు నేర్చుకోవాలి. సీజనులో వచ్చిన మిషన్లకు ఊరి తరఫున బుకింగులు సంఘం చేయొచ్చు. ఎవరి మడి ముందు, ఎవరిది వెనక అన్న చీటీ సంఘం చేతిలో ఉంటే అర ఎకరం ఒంటరి మనిషి పొలానికీ వరస వస్తుంది. ఇప్పుడు ఏజెంటు తినే కమీషను సంఘానికి మిగులుతుంది. గంటలెన్ని ఆడింది, డీజిలు ఎంత పోసింది, ఎక్కడ ఆగింది రాసుకుంటే ఒక్క సీజనుకే మిషను గుట్టంతా తెలిసిపోతుంది. కొన్న తర్వాత తెలుసుకోవడం కంటే ఇది చవక కదా!

నేర్పేదెవరు? ప్రభుత్వానికి యంత్రాల శిక్షణ సంస్థ ఒకటి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. పినపాక నుంచి గార్లదిన్నె పోయి రావాలంటే పసిపిల్లల తల్లులకు సాధ్యమా? మాకు భద్రాచలంలో ఐటీడీఏ ఉంది, కొత్తగూడెంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడికే ఒక మిషను తెప్పించి, పదిహేను రోజులు మడిలోనే నేర్పితే ఏం పోయింది? 2023లో 'నమో డ్రోన్ దీదీ' అని పథకం పెట్టి, పదిహేను వేల సంఘాలకు డ్రోన్లన్నారు, 80 శాతం రాయితీ అన్నారు, పదిహేను రోజుల శిక్షణ అన్నారు. గాలిలో ఎగిరేది నేర్పగా లేనిది, నేల మీద పాకేది నేర్పలేరా? మందు కొట్టే డ్రోనుకు ఇచ్చిన శ్రద్ధ కోత మిషనుకూ ఇవ్వమని అడగాలి.

మిషను తయారుచేసేవాళ్లకూ చెప్పాలి. పొట్టి మనిషికి పెడలు అందాలి. ఎక్కే మెట్టు మరీ ఎత్తున ఉంటే చీర కట్టుకున్న మనిషి ఎక్కలేదు. చీర కొంగూ, జడా తిరిగే బెల్టులో పడకుండా మూత ఉండాలి. నూర్పిడి మిషన్లలో చేతులు పోగొట్టుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు, అందుకే 1983లో ప్రమాదకర యంత్రాల చట్టమని ఒకటి తేవాల్సి వచ్చింది. ఆడవాళ్ల ఒడ్డూపొడుగుకు తగ్గ పనిముట్ల కోసం భువనేశ్వర్‌లో 1996 నుంచి ఒక పరిశోధన సంస్థే ఉంది. చేతి పనిముట్ల దగ్గరే ఆగకుండా సీటున్న యంత్రాల మీద కూడా వాళ్లు గట్టిగా కూర్చుంటే బాగుంటుంది. నైటీ మీద చొక్కా వేసుకుని పత్తి తీసే ఆడవాళ్లు, ప్యాంటూ చొక్కా వేసుకుని మిషను ఎక్కడానికి సిగ్గుపడతారని నేననుకోను. చూసేవాళ్లే సిగ్గుపడతారేమో!

ఇవన్నీ సంఘంలో చెప్పాను. కొన్ని ఒప్పుకున్నారు, కొన్ని వాదించారు. గడ్డి మాట తీసింది నేను కాదు, గేదెలున్న ఒకామె. మిషను కొంటే గడ్డి కట్టలు కట్టేది కూడా కొనాలి, లేకపోతే నేను డబ్బు కట్టనంది. ఆ సంగతి తీర్మానం పుస్తకంలో రాశారు. నేర్చుకోవడానికి ఇద్దరు పేర్లిచ్చారు. ఒకమ్మాయి స్కూటీ నడుపుతుంది. ఇంకొకామె ఇంటరు చదివి మానేసింది. ఐటీడీఏకు అర్జీ కూడా రాయించారు.

చిక్కు ఒకటి మాత్రం తెగలేదు. వానొస్తుందని తెలిస్తే కోత మిషను రాత్రంతా లైట్లు వేసుకుని ఆడుతుంది. ఇంటరు చదివినామె అత్తగారు అదే అడిగింది. "రాత్రిపూట పొలంలో ఆడపిల్ల ఒక్కతే ఎట్లా ఉంటది?" అని. ఇద్దరేసి కలిసి పోవాలని ఒకరన్నారు. రైతు ఇంటి ఆడమనిషి గట్టు మీద ఉంటేనే మిషను రాత్రి ఆడాలని ఇంకొకరన్నారు. అసలు పగటి బుకింగులే తీసుకుందామని మూడోవాళ్లు. పగలు మాత్రమే ఆడితే కిస్తీ తీరదని లెక్కల పుస్తకం పట్టుకున్నామె. వచ్చే నెల మళ్లీ కూర్చుంటామన్నారు.